తెర మీద ముప్పై ఏడున్నర

"ఇంకొక్కసారి ఆ పెట్టె మీద చెయ్యి వేశావంటే ఊరుకునేది లేదు!"

నాన్న కేకకి పక్క గదిలో అమ్మ కుట్టుమిషను ఠక్కున ఆగిపోయింది. పెట్టె మాత్రం ఎవరికీ జంకలేదు. టక్, టక్, టక్ మంటూ తన గోల తనదే.

"వేస్తాను. నా పెట్టె," అంది తీగలపిల్ల.

ఇంటినిండా తీగలు పరిచి నడిచేవాళ్ళ కాళ్ళకి అడ్డం వేస్తోందని నాయనమ్మ పెట్టిన పేరది. బడిలో అసలు పేరుతో పిలిచినా పలుకుతుందో లేదో గానీ, ఇంట్లో ఈ పేరుకి మాత్రం వెంటనే పలుకుతుంది. చదివేది ఎనిమిదో తరగతి. నోరు మాత్రం డిగ్రీ పూర్తిచేసింది.

"పెట్టె నీదేనమ్మా. అందులో గుడ్లెవరివి?" నాన్న తన థర్మామీటరు పైకెత్తి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "చూడు. ముప్పై నాలుగు పాయింట్ మూడు. నీ తెర మీదెంత?"

"ముప్పై ఏడున్నర."

"మూడు డిగ్రీలకి పైనే తేడా! ఇన్నాళ్ళూ ఆ అంకె చూసుకుని మురిసిపోయావు. లోపల గుడ్లు చల్లారిపోతున్నాయి."

"నీ థర్మామీటరే తప్పేమో!"

ఇంకేమైనా ఉందా! ఇరవై ఏళ్ళుగా వీధివీధికీ తిరిగి ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న మనిషితో, నీ థర్మామీటరు తప్పని కన్నకూతురే అంటే ఎలా ఉంటుంది? నాన్న మొహం ఎర్రబడింది.

"ఒరేయ్," అంది మంచం మీంచి నాయనమ్మ. "నీ థర్మామీటరూ వద్దు, దాని తెరా వద్దు. పొద్దున్నే నేను గుడ్డు తీసి కనురెప్పకి ఆనించుకున్నాను. చల్లగా తగిలింది. అదీ సంగతి."

అసలు ఈ రభస మొదలైంది ఆ కనురెప్పతోనే. ఆవిడ నలభై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతోంది. చేతికి తెలియని వేడి రెప్పకి తెలుస్తుందంటుంది. ఆవిడ గొణిగిన మాట విని నాన్న థర్మామీటరు తెచ్చి పెట్టెలో పెట్టాడు. అది ఆవిడ మాటే నిజమంది.

ఆ పదకొండు గుడ్లూ నాయనమ్మ పెంచిన పొడల కోడిపెట్టవి. ఆరు రోజులు పొదిగాక ఒక మధ్యాహ్నం కుక్క వచ్చి పెట్టని నోట కరుచుకుపోయింది. నాయనమ్మ రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తినమంటే తర్వాత అంది, నీళ్ళు తాగమంటే తర్వాత అంది. తీగలపిల్ల మాత్రం ఆ గుడ్లు చల్లారకముందే గుడ్డలో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో బల్బు వెలిగించి, అందులో పెట్టేసింది. బడి ల్యాబులోంచి అడిగి తెచ్చిన చిన్న బోర్డుకి వేడి కొలిచే సెన్సారు ఒకటి, ఆ అంకె చూపే చిన్న తెర ఒకటి, గాలి తిప్పే బుల్లి ఫ్యాను ఒకటి, బల్బుని వేసి ఆర్పే రిలే ఒకటి తగిలించింది. బల్బు వైపు కరెంటు తీగలు మాత్రం నాన్నే వేశాడు. వాటి జోలికి పోతే వేళ్ళు విరుస్తానన్నాడు కూడా. వేడి తగ్గితే బల్బు వెలగాలి, ముప్పై ఏడున్నరకి చేరితే ఆరాలి. ఆ ప్రోగ్రాం రాయడానికి ఆమెకి మూడు సాయంత్రాలు పట్టింది. మూడో రోజు రిలే మొదటిసారి టక్ మన్నప్పుడు నాయనమ్మ ఇటు తిరిగింది.

ఈరోజుకి మొత్తం పద్దెనిమిది రోజులు. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికి రావాలి.

"ఇంక చాలు," అన్నాడు నాన్న ఎట్టకేలకి గొంతు తగ్గించి. "బల్బుకి నేను చేతి స్విచ్చి పెడతాను. నా థర్మామీటరు చూసుకుంటూ వంతులేసుకుని కూర్చుందాం. ఆ బోర్డు సోమవారం బళ్ళో ఇచ్చేసి రా."

"కూర్చున్నవాళ్ళకి కునుకు పడితే?"

"పడదు."

"మీరు చల్లార్చడంలో దిట్ట," అంది గుమ్మంలోంచి అమ్మ. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, నోట్లో గుండుసూది. "వెచ్చబెట్టడం మీ చేతుల్లో నేనెప్పుడూ చూళ్ళేదు. పొద్దున కాఫీ కూడా చల్లారాకే తాగుతారు."

"నువ్వూ దాని పక్షమేనా?"

"నేను గుడ్ల పక్షం."

నాన్న నవ్వలేదు. నాయనమ్మ చెయ్యెత్తింది. "అరగంట ఇవ్వరా దానికి. నువ్వు స్విచ్చి బిగించడానికి ఎలాగూ అరగంట పడుతుంది. ఆలోగా తేల్చుకోనీ."

నాన్న విసురుగా ముందుగదిలోకి వెళ్ళాడు. సామాన్ల పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. కావాలనే గట్టిగా తెరిచాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

తీగలపిల్ల పెట్టె ముందు మఠం వేసుకుని కూర్చుంది. మూడు డిగ్రీలు ఎక్కడికి పోయాయో అరగంటలో తేలకపోతే బోర్డు పోతుంది. అంతకన్నా ముందు గుడ్లు పోతాయి. నాయనమ్మ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ వీపు తల్చుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అందులోంచి అయిదు నిమిషాలు పోతాయని మింగేసింది.

టక్. బల్బు వెలిగింది. టక్. ఆరింది. టక్.

"మాయదారి చప్పుడు," అంది నాయనమ్మ. "ఇదివరకు టక్ మంటే మళ్ళీ చాలాసేపటికి గానీ అనేది కాదు. ఇప్పుడు ఊపిరి తిప్పుకోవడం లేదు."

తీగలపిల్ల తలెత్తింది. నిజమే! మొదట్లో బల్బు ఒకసారి వెలిగితే మూడు నాలుగు నిమిషాలు వెలిగేది. ఇప్పుడు రెండు సెకన్లకోసారి ఆరుతోంది. అది తను చూడలేదా? చూసింది. చలి తగ్గింది కాబోలనుకుని ఊరుకుంది.

ఈసారి బల్బుని కాకుండా తెరని చూసింది. బల్బు ఆరి ఉండగా ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. టక్ మంది. వెంటనే ముప్పై ఏడున్నర. మళ్ళీ టక్ మంది. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.

"నాయనమ్మా! కుండలో నీళ్ళు పొయ్యి మీద పెడితే రెప్పపాటులో వేడెక్కుతాయా?"

"ఏం, నీ పెళ్ళికేమైనా తొందరగా కాచాలా?"

"చెప్పవే!"

"ఎక్కవు. వేడి మెల్లిగా ఎక్కుతుంది, మెల్లిగా దిగుతుంది."

"మరి ఇది గెంతుతోందేమిటి?"

బల్బు వెలిగి ఒక్క క్షణమైనా కాలేదు. గాలి వేడెక్కే వ్యవధే లేదు. అయినా అంకె ఎగిరి కూర్చుంటోంది. అంటే మారుతున్నది వేడి కాదు. వేరే ఏదో. ఆ 'ఏదో' అన్న మాట తలలో మెదిలేసరికి తీగలపిల్లకి భయం సగం పోయింది.

రిలేకి వెళ్ళే పసుపు తీగ ఊడబీకింది. టకటకలు ఆగాయి. అంకె ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది దగ్గర బుద్ధిగా నిలబడింది. ఫ్యాను తీగ కూడా తీసింది. అంకె ముప్పై అయిదు పాయింట్ మూడుకి జారింది. తెర వెనక వెలిగే దీపం ఆపింది. కళ్ళు చికిలించి చూస్తే ఇంకాస్త దిగింది. ఒక్కొక్కటే ఆపుతున్నకొద్దీ ఆమె తెర నాన్న థర్మామీటరు దగ్గరికి వస్తోంది.

"అమ్మా!" అని అరిచింది. "పని తగ్గిస్తే ఇది నిజం చెప్తోంది! పని పెంచితే అబద్ధం చెప్తోంది!"

"మనుషులూ అంతే," అంది అమ్మ మిషను దగ్గర్నించి. "నాలుగు చొక్కాలు ఒకేసారి ఒప్పుకున్న వారం నేనూ చెప్తాను."

"తమాషా కాదమ్మా. కొలిచేది అదే, తప్పు కొలిచేదీ అదే. ఎలా?"

అమ్మ సూది ఆపింది. "పోయిన నెల ఆ పోస్టుమాన్ చొక్కా బిగుతైంది గుర్తుందా? నేను మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే వచ్చింది. చివరికి చూస్తే నా పాత టేపు సాగిపోయింది. టేపే మారిపోతే ఎన్నిసార్లు కొలిస్తే ఏం లాభం?"

తీగలపిల్ల పరుగున పోయి నోటుపుస్తకం తెచ్చింది. ల్యాబ్ మేడం బోర్డు మీద గీసిన బొమ్మ అందులో ఉంది. బోర్డు తనకి అందే అయిదు వోల్టులనే టేపుగా చేసుకుంటుంది. దాన్ని వెయ్యీ ఇరవై నాలుగు గీతలుగా విడగొట్టి, సెన్సారు పంపిన వోల్టేజి ఎన్ని గీతలకి వచ్చిందో చూస్తుంది. అయిదు అన్న అంకె ప్రోగ్రాంలో రాసింది తనే. అది అయిదు కాకపోతే? టేపు కుంచించుకుపోతే గీతలు దగ్గర పడతాయి. పొడుగు లేనివాడు కూడా పొడుగ్గా కనిపిస్తాడు!

కొలిచి చూడాలి. కొలవాలంటే మీటరు కావాలి. మీటరు నాన్న దగ్గరుంది.

ముందుగదిలో నాన్న కిందకి వంగి స్విచ్చి బిగిస్తున్నాడు. తలెత్తలేదు.

"నాన్నా, మీటరు ఇస్తావా?"

"ఎందుకు?"

"అయిదు వోల్టులు అయిదే ఉన్నాయో లేదో చూస్తాను."

"అయిదు వోల్టులు అయిదు కాక ఆరవుతాయా?"

"నాలుగవుతాయేమో."

ఆ మాటకి నాన్న తలెత్తాడు. కోపం కోపంగానే ఉంది గానీ, మీటరు చేతికివ్వకుండా తనే పట్టుకుని లేచాడు. ఎంత కోపమున్నా కొలిచి చూడాల్సింది ఉందంటే కూర్చోలేడు. ఆ గుణమే ఈ పిల్లకీ వచ్చిందని అమ్మ అంటూ ఉంటుంది, మెచ్చుకోలుగా మాత్రం కాదు.

తీగలపిల్ల అన్నీ మళ్ళీ తగిలించింది. నాన్న ముందు గోడ దగ్గర, బోర్డుకి కరెంటిచ్చే ఛార్జరు వైపు కొలిచాడు. అయిదు పాయింట్ సున్నా ఎనిమిది.

"చూశావా? అయిదే."

"ఇటు వైపు, నాన్నా. బోర్డు దగ్గర."

బోర్డు దగ్గర మీటరు సూదులు ఆనించాడు. బల్బు వెలిగినప్పుడు నాలుగు పాయింట్ అయిదు ఏడు. ఆరినప్పుడు నాలుగు పాయింట్ ఆరు ఆరు. సూదులు తీసి మళ్ళీ ఆనించాడు. చొక్కాకి తుడిచి ఇంకోసారి ఆనించాడు. మీటరు మాట మార్చలేదు.

అటు అయిదు, ఇటు నాలుగున్నర. మధ్యలో ఏముంది? నాన్న చూపు ఛార్జరు దగ్గర బయల్దేరి, గోడ వెంబడి, మంచం కోడు చుట్టూ తిరిగి పెట్టె దాకా వచ్చింది. తీగలపిల్ల చూపు కూడా దాని వెంటే వచ్చింది. మధ్యలో రెండు అతుకులు. ముత్యాల్లా నున్నగా, నల్ల టేపు చుట్టి, ఎంతో ముచ్చటగా ఉన్నాయి.

ఆ అతుకులు వేసింది నాన్నే. పెట్టె ముందు పెరటి గుమ్మం దగ్గరుండేది. గుడ్లు తన పక్కనే ఉంటే బాగుండునని నాయనమ్మ ఒక్కసారి అంది. అంతే, తీగలపిల్ల బడినుంచి వచ్చేసరికి పెట్టె మంచం పక్కకి చేరింది. తీగ చాలకపోతే పాత స్పీకరు తీగ ఆరు మీటర్లు అతికాడు. ఆ సాయంత్రం తీగలపిల్ల ఆ అతుకుల్ని చూసి, "ఇంత నున్నగా నాకెప్పుడొస్తుంది నాన్నా?" అని అడిగింది కూడా. నాన్న ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

ఇప్పుడు మీటరు మీద అంకెలు మారుతూనే ఉన్నాయి.

"సన్నపు తీగ," అన్నాడు నాన్న, అతుకు మీద వేలు పెట్టి. "దారిలోనే వోల్టులు తినేస్తోంది. అయిదు వోల్టులకి ఏ తీగైతేనేం అనుకున్నాను. బొమ్మల వ్యవహారం అనుకున్నాను. నేను పనిచేసేది రెండొందల ముప్పైతోనే. అందులో అర వోల్టు పోతే ఎవడడుగుతాడు?"

"ఏమిట్రా, దొరికిందా?" అంది నాయనమ్మ.

తీగలపిల్ల నాన్న వైపు చూసింది. పొద్దుట్నుంచి తిట్లన్నీ తిన్నది తను. ఇప్పుడు ఒక్క మాట అంటే లెక్క సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"దొరికింది నాయనమ్మా. తీగ సన్నం. ప్రోగ్రాంలో అయిదు అని నేనే రాశాను. కొలవకుండా రాసేశాను."

"తీగ ఎవరు వేశారు?"

నాయనమ్మ ముసలిదే గానీ మతిమరుపు మనిషి కాదు. అడిగింది తెలియక కాదు.

"నేనేనమ్మా," అన్నాడు నాన్న.

"ఎప్పుడు?"

"బుధవారం."

శనివారం ఈరోజు. నిన్నో మొన్నో జరిపినట్టుంది తీగలపిల్లకి. మూడు రాత్రులు! మూడు రాత్రులూ తెర మీద ముప్పై ఏడున్నర వెలుగుతూనే ఉంది, గుడ్లు ముప్పై నాలుగులోనే పడి ఉన్నాయి.

నాన్న కటింగ్ ప్లయర్ తీసి తన అతుకుల్ని తనే కత్తిరించాడు. పాత పొట్టి తీగతో ఛార్జరుని బోర్డుకి కలిపి, పెట్టెని గోడ దగ్గరికి జరిపాడు. తెర వెలిగింది. ముప్పై నాలుగు పాయింట్ రెండు. పక్కన థర్మామీటరూ దాదాపు అంతే. బల్బు వెలిగి, ఆరకుండా వెలుగుతూనే ఉంది.

"బోర్డు లోపలే ఇంకో చిన్న కొలత ఉంటుందట నాన్నా. పైనుంచి కరెంటు తగ్గినా అది మారదట. మేడం ఇంకా చెప్పలేదు, పుస్తకంలో ముందు పేజీల్లో చదివాను. ప్రోగ్రాం దానికి మారుస్తాను."

"ముందు గుడ్లు చూడండి," అంది నాయనమ్మ. మంచం దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

అమ్మ కిటికీకి నల్ల గుడ్డ కట్టింది. గది చీకటైంది. తీగలపిల్ల ఒకటో నెంబరు గుడ్డు తీసి టార్చి మీద పెట్టింది. గుడ్డు ఎర్రగా వెలిగింది. పైన ఖాళీ, కింద పిల్ల, నల్లటి ముద్దలా. ఆ ముద్ద అంచు కదిలింది.

"కదిలింది!"

"నీ చెయ్యి వణికింది," అన్నాడు నాన్న.

"లేదు, కదిలింది!"

"నేను చూస్తూనే ఉన్నా. నీ చెయ్యే."

ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. వణుకుతోంది మరి, ఏం చెప్తుంది? అమ్మ దారం అయిపోయిన అట్ట కండె తెచ్చిచ్చింది. తీగలపిల్ల టార్చిని నేలమీద నిలబెట్టి, దానిమీద కండె, కండె మీద గుడ్డు పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంది. నలుగురూ చుట్టూ కూర్చుని ఊపిరి బిగబట్టారు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత నల్లటి అంచు ఒకసారి ఒదిగి, మళ్ళీ సర్దుకుంది.

"ఒకటి," అంది నాయనమ్మ.

ఒక్కో గుడ్డూ తీయడం, చూడటం, వెంటనే పెట్టెలో పెట్టడం. ఎనిమిది కదిలాయి. రెండు, ఆరు, తొమ్మిది నెంబర్లవి కదల్లేదు. వాటిని మళ్ళీ పెట్టి చూశారు. కదల్లేదు.

నాన్న జేబులోంచి పెన్సిలు తీశాడు. ఆ మూడింటి మీదా కొట్టివేత గుర్తు పెట్టబోయాడు. చెయ్యి గుడ్డు దాకా వెళ్ళి ఆగింది.

"పోయాయా?" అంది నాయనమ్మ. కొడుకుని కాదు, మనవరాలిని అడిగింది.

పోయాయంటే నాన్న మొహం ఎలా అవుతుందో తీగలపిల్లకి తెలుసు. పోలేదంటే అబద్ధం.

"తెలీదు నాయనమ్మా. నిద్రపోతున్నాయేమో. పోయాయేమో. నిజంగా తెలీదు."

"తెలీదంటే లోపలే పెట్టు మరి."

తీగలపిల్ల మూడింటినీ మిగతావాటి పక్కనే పెట్టి మూత వేసింది. తెర మీద ముప్పై అయిదు పాయింట్ ఒకటి. మెల్లిగా ఎక్కుతోంది.

నాన్న పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. ముందుగదిలో సగం బిగించిన స్విచ్చి అలాగే పడి ఉంది. అటు వెళ్ళలేదు.

"మూడు రోజుల్లో రావాలి కదా," అన్నాడు. "ఇప్పుడెప్పుడొస్తాయి?"

"చలికి పెరగడం ఆలస్యమై ఉంటుంది. మంగళవారం రావేమో. ఎంత ఆలస్యమో నాకూ తెలీదు నాన్నా."

"మరి తెలిసేదెలా?"

"దీని ముందు కూర్చుని గంటగంటకీ రాసుకోవాలి."

నాన్న మూల ఉన్న పీట లాక్కుని పెట్టె ముందు కూర్చున్నాడు. నోటుపుస్తకం కోసం కూతురి వైపు చెయ్యి చాపాడు.

"ఏమేం రాయాలో చెప్పు," అన్నాడు.